చివరి వరుస

మా అమ్మ నాతో మాట్లాడటం మానేసి ఆ అక్టోబరుకు పదకొండు నెలలు. మాట్లాడదు కానీ పని మాత్రం చేయించుకుంటుంది. పిండి పొంగిందో లేదో చూడమనాలంటే జాడీ మీద వేలితో రెండుసార్లు కొడుతుంది. కట్టెలు అయిపోతే ఖాళీ బుట్ట తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేస్తుంది. ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి ముందు, రోజూ వందల పుతో కుడుములు ఆవిరి పెట్టి దింపే ఇద్దరు ఆడవాళ్ళు ఒక్క మాట లేకుండా ఇన్నాళ్ళు నెట్టుకురావడం చిన్న విషయమేమీ కాదు. ఇంకొకరైతే గోడకు తల బాదుకునేవారు. మొండితనం నాకు ఆవిడ నుంచే వచ్చింది కాబట్టి బతికిపోయాను.

నా పేరు ఎమెరిత. నలభై రెండేళ్ళు. మా ఊరు కలాసియావ్‌లో చర్చి పక్కన వరుసగా ఉన్న పుతో కొట్లలో మాదీ ఒకటి. చేసేది అమ్మా నేనూ, కొట్లో కూర్చుని అమ్మిపెట్టేది పక్కింటి బసిలిసా అత్త. నాకు పెళ్ళి కాలేదు. ఒకప్పుడు ఒకతను వస్తూ పోతూ ఉండేవాడు కానీ, “నిన్ను చేసుకుంటే మీ అమ్మ పిండిజాడీని కూడా కాపురానికి తెచ్చుకోవాలి” అని నవ్వి, ఆ నవ్వుతోనే రావడం మానేశాడు. అతనన్నదీ నిజమే. పాత బియ్యం నానబెట్టి, రుబ్బి, ఆ మట్టిజాడీలో మూడు రోజులు పులియనివ్వాలి. జాడీని సబ్బుతో కడగకూడదు. అడుగున గరిటెడు పాత పిండి ఎప్పుడూ ఉండాలి, కొత్త పిండిని లేపేది అదే. పంచదార కలిపి, చిన్న గిన్నెల్లో పోసి ఆవిరి పెడితే తెల్లగా బొత్తాల్లా ఉబ్బుతాయి. నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకాల సన్నటి పులుపు. ఇంత చిన్నదాని కోసం ఒక ఆడదాని జన్మంతా పోతుంది.

తమ్ముడు డెల్ఫిన్ నాకంటే పన్నెండేళ్ళు చిన్న. వాణ్ణి చంకన వేసుకుని తిరిగింది నేను, ముద్దు చేసింది అమ్మ. నేను తెల్లవారకముందే లేచి రుబ్బితే అది పని. వాడు పది గంటలకు లేచి ఒక్క గిన్నె పట్టుకుంటే, “నా తండ్రీ, చెయ్యి కాలుతుందిరా” అని లాక్కునేది. వాడికి పిండి పని పట్టలేదు, సముద్రం పట్టింది. పడమటి తీరంలో ఒక చేపల పడవలో చేరాడు. నెలకోసారి ఇంటికొచ్చేవాడు, ఎప్పుడూ మధ్యాహ్నమే, ఎప్పుడూ ఆకలితోనే. పెరటి మెట్టు మీద చెప్పులు రెండుసార్లు టపటప కొట్టి ఇసుక దులుపుకుని లోపలికి వచ్చేవాడు. అలా దులపకపోతే అమ్మ ఊరుకునేది కాదు. వాణ్ణి ఆవిడ తిట్టే తిట్టు ఆ ఒక్కటే.

క్రిందటి ఏడాది జులైలో తుఫాను వచ్చింది. ఏడుగురు వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. నెల తర్వాత ఆ పడవలోని నీలం పీపా ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది, అంతే. మిగతా ఆరిళ్ళవాళ్ళూ చర్చిలో పూజ చెప్పించి, ఖాళీ సమాధుల మీద శిలువలు పాతారు. అమ్మ పాతనివ్వలేదు. “పీపా వస్తే మనిషి పోయినట్టా?” అంది. రోజూ మధ్యాహ్నం భోజనాల బల్ల మీద వాడికో పళ్ళెం, గ్లాసు పెట్టేది. మేము తిని లేచాక వాటిని తీసి కడిగి బోర్లించేది.

ఆ నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. ఆ రోజు పెద్దలకు పెట్టకుండా మా ఊళ్ళో ఎవరూ ముద్ద ముట్టరు. మొదటి వాయి పుతోలు పళ్ళెంలో సర్ది, పక్కన గ్లాసులో చెరకు సారా, ఒక సిగరెట్టు, ఆకూ వక్కా పెట్టి వంటింటి కిటికీ గట్టు మీద ఉంచుతాం. పుతోల మీద ఆవిరి లేస్తుండగానే పోయినవాళ్ళను పేరుపేరునా పిలవాలి. ఆవిరి ఆగిపోయిందా, ఆ ఏటికి పిలుపు అయిపోయినట్టే, పిలవనివాళ్ళు మళ్ళీ ఏడాది ఆగాలి. పిలవాల్సింది ఆ పొయ్యి ఎవరిదో ఆ ఇల్లాలు. బతికున్నవాళ్ళ పేరు పొరపాటున కూడా నోట రాకూడదు. వస్తే వాళ్ళ ప్రాణం సగం అటు లాగేసినట్టే అంటారు.

మా ఇంట్లో ఆ పిలుపు ఎప్పుడూ అమ్మదే. ఆ ఏడు మాత్రం, “నా గొంతు బాగాలేదు, నువ్వు పిలువు” అంది. గొంతు శుభ్రంగా ఉందని నాకు తెలుసు. నాన్న పేరు తర్వాత ఏ పేరు వస్తుందోనని ఆవిడ భయం, ఆ భయం తెచ్చి నా నోట్లో పెట్టింది. తాతయ్యను పిలిచాను. మామ్మను పిలిచాను. నాన్నను పిలిచాను. ఆ వెంటనే, “డెల్ఫిన్, రా, తిను” అన్నాను.

నోరు జారిందని ఫాదరు దగ్గర చెప్పుకున్నాను. నిజంగా జారిందో, జారనిచ్చానో ఈ రోజుకీ నాకు తెలియదు. నాలుగు నెలలుగా ఖాళీ పళ్ళేనికి జరిగే మర్యాద చూసి చూసి విసిగి ఉన్నాను. దాని పక్కనే కూర్చుని తింటున్న నా పళ్ళెంలో కూర ఉందో లేదో ఆవిడ ఒక్కరోజు కూడా చూడలేదు.

అమ్మ నా వైపు తిరిగింది. “చంపేశావు కదే వాణ్ణి,” అంది. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే.

వారం తిరక్కుండానే ఆ చప్పుడు మొదలైంది. మేము రోజూ రెండు వాయిలు వేస్తాం. పొద్దుటి వాయి పొద్దుటి బేరానికి, మధ్యాహ్నం వాయి సాయంత్రం బేరానికి. రెండో వాయి పొయ్యి మీదుంది, ఎండ చురచురలాడుతోంది. పెరటి మెట్టు మీద చెప్పులు రెండుసార్లు టపటపమన్నాయి. చేతిలో గరిటె ఉండగానే పరిగెత్తాను. ఎవరూ లేరు. మెట్టు పొడిగా ఉంది. ఉప్పునీళ్ళ వాసన, దానిలో కలిసి పడవ నూనె వాసన మాత్రం కాసేపు నిలిచింది. సముద్రం మాకు పది మైళ్ళ అవతల.

లోపలికి వచ్చి చూస్తే అమ్మ వీపు తిప్పి గిన్నెలు తుడుస్తోంది. ఆవిడకు వినపడలేదనుకున్నాను. నా పాపమే నా చెవుల్లో మోగుతోందనుకున్నాను. మర్నాడూ అదే వేళకు, ఆ మర్నాడూ అదే. నేను రేడియో పెద్దగా పెట్టడం మొదలుపెట్టాను. అమ్మ వచ్చి ఆపేసేది. మళ్ళీ పెట్టేదాన్ని. మళ్ళీ ఆపేది. పాటైనా విననివ్వదు, ఎంత కక్షో చూడు అని పళ్ళు నూరుకున్నాను. ఆ చప్పుడు వినడానికే ఆపుతోందని నాకు తట్టలేదు.

ఇంకోటి కూడా చూస్తూనే ఉన్నాను, కళ్ళుండి ఏం లాభం. పెద్ద గుండ్రటి ఆవిరి పళ్ళెంలో ఇరవై వరుసలుంటాయి, అంచుకు వచ్చేకొద్దీ పొట్టివవుతాయి. మధ్యాహ్నం వాయి దింపగానే పెరటి గుమ్మం వైపున్న చివరి వరుస మొత్తం, ఆరు పుతోలు, అమ్మ తీసి మూత గిన్నెలో వేసుకునేది. సరిగా ఉబ్బనివేమో, బసిలిసా అత్త వాళ్ళ పందికి వేస్తోంది కాబోలు అనుకున్నాను. ఆవిడ భోజనం బాగా తగ్గిపోయింది. అన్నం కెలికి లేచిపోయేది. గౌను భుజాల మీద నిలవడం మానేసింది.

“ఏమే, మీ అమ్మని ఉతికి ఎండేస్తున్నావా? రోజురోజుకీ కురచైపోతోంది,” అనేది బసిలిసా అత్త.

“నన్నడుగుతావేం? ఆవిడనే అడుగు. నీతో మాట్లాడుతుందిగా.”

“నాతో మాత్రం ఏం మాట్లాడుద్ది? ఊఁ అంటది, ఊహూఁ అంటది. మా ఆయన నయం, దగ్గుతాడన్నా.”

అక్టోబరులో అమ్మకు జ్వరం వచ్చింది. రెండు వాయిలూ నేనే వేసి, నేనే దింపి, ఒక్కటి వదలకుండా పెట్టెల్లో సర్ది కొట్టుకు పంపాను. సాయంత్రం బసిలిసా అత్త ఒక పెట్టె పట్టుకుని గుమ్మంలోంచే అరిచింది.

“ఒసే ఎమెరితా! మీ ఇంట్లో పంచదార డబ్బా పుట్టింటికి గాని వెళ్ళిందా?”

“ఏమైందత్తా?”

“ఏమైందా? మేస్టారమ్మ పెట్టె తెచ్చి నా మొహాన కొట్టినంత పని చేసింది. ముప్పై ఏళ్ళ బేరంలో ఒక్కసారన్నా వెనక్కొచ్చిందా మీ సరుకు?”

“ఒకటే జాడీ, ఒకటే పిండి. ఒక పెట్టె తీపి, ఒక పెట్టె చప్పన ఎలా అవుతుంది? ఆవిడ నాలుక చూపించుకోమను.”

“నేనూ అదే అనేదాన్ని. ముందు నువ్వు తిని ఆ మాటను.”

ఒకటి నోట్లో వేసుకున్నాను. చూడ్డానికి తెల్లగా, మెత్తగా, ఏ లోపమూ లేదు. నమిలితే తీపి లేదు, పులుపు లేదు, ఆఖరికి బియ్యం వాసన కూడా లేదు. దూది నమిలినట్టుంది. నేను ఉమ్మేసేసరికి బసిలిసా అత్త నా మొహంలోకే చూస్తోంది. ఆవిడ మొహంలో వేళాకోళం పోయింది.

“పెద్దలకు పెట్టిన పళ్ళెంలోవి గాని కలిపేశావా?” అంది నెమ్మదిగా.

“పండుగ ఇంకా మూడు వారాలుందత్తా.”

“మరి పెట్టకుండా ఎవరు తిన్నారే?”

పోయినవాళ్ళు తిన్న తిండికి ఆకారం మిగులుతుంది, రుచి మిగలదు. మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. పండుగ సాయంత్రం కిటికీ గట్టు మీది పళ్ళెం దింపి, అందులోవి చప్పబడ్డాయో లేదో చూసి, పెద్దలు సంతోషంగా వెళ్ళారని చెప్పుకుంటాం. వాటిని తినం, ఏట్లో వదిలేస్తాం.

“ఇది పళ్ళెంలో ఏ వరుసది?” అంది అత్త.

“ఆఖర్న సర్దిన పెట్టె, పెరటి గుమ్మం వైపుది. ఆ వరుస అమ్మ రోజూ తీసి మీ పందికి వేస్తుంది. ఇవాళ జ్వరం కదా, నేను అన్నిటితో కలిపి సర్దేశాను.”

“ఏ పందే? మా పందిని పోయిన క్రిస్మస్‌కే కోశాం కదే. నువ్వూ రెండు ముక్కలు ఎక్కువేసుకున్నావు.”

లోపలి గదిలో అమ్మ దగ్గుతోంది. నేను బసిలిసా అత్త చెయ్యి పట్టుకుని మెట్టు మీది చప్పుడు సంగతి చెప్పేశాను. పదకొండు నెలలుగా ఎవరికీ చెప్పని మాట.

“అయితే వాడు పోయాడే,” అంది అత్త. ముందు గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. “పోయి, నువ్వు పిలిస్తే మెట్టుదాకా వచ్చాడు. పొయ్యి నీది కాదు, నీ పిలుపుకు గడప దాటలేడు. పిలవాల్సింది పిలవదు. అక్కడే నిలబడి, అందినంత వరుస తింటున్నాడు నా బిడ్డ.”

“అమ్మ వాడి ఎంగిలి తింటోంది.”

“చచ్చినవాళ్ళ ఎంగిలి ఒంటికి పట్టదు, ఎమెరితా. తినేకొద్దీ మనిషి అటే పోతుంది. మీ అమ్మని చూస్తే తెలవట్లా? ఈ పండుగకన్నా వాణ్ణి పిలిచి సాగనంపించు. లేకపోతే వచ్చే ఏడు నువ్వొక్కదానివే నిలబడి రెండు పేర్లు పిలుచుకోవాలి.”

మర్నాడు జ్వరం తగ్గకుండానే అమ్మ లేచి వచ్చి పొయ్యి ముందు నిలబడింది. నేను బజారుకు వెళ్తున్నట్టు బుట్ట పట్టుకుని వెళ్ళి, ఇల్లు చుట్టి వచ్చి నడవ తలుపు వెనక నిలబడ్డాను. చెప్పులు టపటపమన్నాయి. అమ్మ రెండో వాయి దింపింది. చివరి వరుస గిన్నెలో వేసుకుని, చిన్న పీట లాక్కుని, మెట్టుకు ఎదురుగా కూర్చుంది. ఒక్కొక్కటే నములుతూ మాట్లాడటం మొదలుపెట్టింది.

“పులుపెక్కువైందా నాన్నా ఈ పూట? జ్వరంలో ఉన్నానుగా, మీ అక్కే కలిపింది. దానికి చెయ్యి తిరగదు.”

నాకు పదకొండు నెలలుగా లేని మాటలు ఆ మెట్టుకు ఉన్నాయి. భయం వేసింది నిజమే కానీ, దానికంటే ముందు ఒళ్ళు మండిపోయింది. తలుపు తోసుకుని వెళ్ళాను.

“ఆ గిన్నె ఇటివ్వు.”

అమ్మ గిన్నెను గౌను మడతల్లోకి లాక్కుంది. “మెల్లగా. వాడున్నాడు,” అంది.

“ఉన్నాడని నాకూ తెలుసు. ఏడాదిగా వింటున్నాను.”

“విని నాతో అనలేదేం?”

“ఎవరితో అనను? గోడతోనా? పోయాడని నీకెప్పుడు తెలిసింది?”

“మొదటి రోజే. మొదటి పుతో కొరకంగానే తెలిసింది.”

“తెలిసీ నన్ను ఇన్నాళ్ళు ఇలా కాల్చుకు తిన్నావా? వాణ్ణి నేనే చంపానన్నావు! రోజూ పడుకునే ముందు ఆ మాటే నమిలి పడుకున్నాను నేను!”

“నోరు తెరిస్తే వాడు పోయాడనే మాటే ముందొచ్చేట్టుంది. అందుకని తెరవలా.” ఇంకో పుతో తీసి కొరికింది.

నేను ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాను. “అమ్మా, నువ్వే పిలువు. లోపలికి పిలిచి కడుపు నిండా పెట్టు. ఆకలితో నిలబడి ఉన్నాడు వాడు.”

“ఆకలేస్తేనే కదే వాడొచ్చేది?” అంది అమ్మ. “చిన్నప్పట్నించీ అంతేగా. కడుపు నిండితే ఒక్క క్షణం ఇంట్లో నిలిచేవాడా? పెడితే పోతాడు. ఈసారి పోతే ఇంక రాడు.”

“పెట్టకపోతే నువ్వు పోతావు.”

“పోతే పోయాను. డెబ్బై ఒకటొచ్చాయి. ఎవరికేం నష్టం?”

నేను ఎదురుగానే కూర్చుని ఉండగా అంది ఆ మాట. ఇక బతిమాలడం నాకు చేతకాలేదు. గిన్నె లాక్కుని మిగిలిన మూడు పుతోలూ ఒకదాని తర్వాత ఒకటి నోట్లో కుక్కుకుని, నీళ్ళు తాగి మింగాను.

“ఏం చేస్తున్నావే? పిచ్చిదానా, ఉమ్మెయ్!”

“ఎవరికేం నష్టం? రేపట్నించి సగం నావి. మనిద్దరం కలిసే పోదాం. వాడొక్కడే ఎందుకు, ముగ్గురం ఆ మెట్టు మీదే కూర్చుందాం.”

మొండితనంలో ఎవరు గెలుస్తారో ఇద్దరికీ తెలియదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం వాయి దిగగానే ఆరింటిలో మూడు నేను తీసుకునేదాన్ని. అమ్మ తల తిప్పుకునేది. ఆపలేదు. నాలుగో రోజుకు ఎండు చేపలో ఉప్పు తెలియలేదు నాకు. వారానికి కాఫీ వేడిగా ఉందని తెలిసేది కానీ చేదుగా ఉందని తెలిసేది కాదు. పంది రక్తం కూరలో పుతో ముంచుకు తింటే ఏ జన్మకైనా లేచి కూర్చుంటానని నాన్న అనేవాడు, అది కూడా నోట్లో నీళ్ళలా తిరిగింది. పది రోజులకు నా కాళ్ళు నావి కానట్టు నడుస్తున్నాను. చప్పుడు వినపడినప్పుడు భయం కూడా వేయడం మానేసింది. అదే అన్నిటికంటే భయమనిపించాల్సింది, అనిపించలేదు. మెట్టు వైపు చూస్తూ కూర్చుంటే హాయిగా ఉండేది.

బసిలిసా అత్త వచ్చి తిట్టిపోసింది. “ప్రిమితీవా వదినా, నీ కూతుర్ని చూశావా? దీని మొహాన ఈగ వాలినా తోలుకోవట్లేదు. ఉన్నదాన్ని కూడా పంపించేదాకా నిద్రపోవా?”

అమ్మ పిండి కలుపుతూ ఉండిపోయింది.

పండుగ రోజు వచ్చింది. పొద్దున్నే సమాధుల దగ్గరకు వెళ్ళి గడ్డి పీకి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చాం. దారిలో రెండుసార్లు కూర్చున్నాను. ఇంటికొచ్చాక అమ్మ పిండి పోసింది. మొదటి వాయి దింపింది. పళ్ళెం సర్ది, సారా, సిగరెట్టు, ఆకూ వక్కా పెట్టి కిటికీ గట్టు మీద ఉంచింది. పుతోల మీద ఆవిరి గుప్పున లేస్తోంది. బసిలిసా అత్త మా వంటింట్లోనే గోడకు ఆనుకుని జపమాల తిప్పుతోంది. నేను నిలబడలేక పిండిబల్ల పట్టుకున్నాను.

అమ్మ తాతయ్యను పిలిచింది. మామ్మను పిలిచింది. నాన్నను పిలిచింది. ఆగిపోయింది.

పెరటి మెట్టు మీద చెప్పులు రెండుసార్లు టపటపమన్నాయి. బసిలిసా అత్త చేతిలో జపమాల కింద పడింది. ఆవిడకూ వినపడింది. అమ్మ పెదవులు బిగించి కిటికీ వైపే చూస్తోంది. ఆవిరి పల్చబడుతోంది. గట్టు చివరనున్న పుతోల మీద అప్పుడే ఆగిపోయింది కూడా.

“వదినా,” అంది అత్త.

అమ్మ కదల్లేదు. నేను పిలవచ్చు, కానీ నా పిలుపు చెల్లదు. ఆ క్షణంలో నాకు తమ్ముడి మీద జాలి కూడా లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఇంతకాలం నోట్లో పెట్టుకున్నది బయటికొచ్చేసింది.

“అమ్మా, నేనూ నీ కడుపునే పుట్టాను. వాడు పోయాడు. నేనింకా పోలేదు. ఒక్కసారి నా వైపు చూడవే.”

అమ్మ తిరిగింది. నా మొహం చూసింది, మెడ చూసింది, బల్లను పట్టుకున్న చేతి ఎముకలు చూసింది. చాలాసేపు చూసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఇలా చూసేదేమో, నాకు గుర్తు లేదు. తర్వాత పళ్ళెం వైపు తిరిగి, గొంతు సవరించుకుంది.

“డెల్ఫిన్,” అంది. “రా నాన్నా. లోపలికి రా. కాళ్ళకు ఇసుకున్నా ఫర్లేదు, రా. తిను. కడుపు నిండా తిను.”

గుమ్మంలోంచి ఉప్పునీళ్ళ వాసన లోపలికొచ్చింది. నా పక్కనుంచే వెళ్ళింది, గౌను అంచు కదిలింది. పళ్ళెం మీద మిగిలిన కాస్త ఆవిరీ ఒక్కసారిగా ఆగిపోయింది. అమ్మ కళ్ళు మూసుకుని, తలకంటే కాస్త ఎత్తులో, గాలిలో చెయ్యి పెట్టి నిమిరింది. వాడు ఆవిడకంటే పొడుగు.

“ఇంక వెళ్ళు నాన్నా,” అంది. మళ్ళీ రమ్మని అనలేదు. పెద్దలకు పెట్టినప్పుడు మళ్ళీ రమ్మని అనకూడదు.

ఆ సాయంత్రం ముగ్గురం ఏటికి వెళ్ళి పళ్ళెంలోవి నీళ్ళలో వదిలి వచ్చాం.

మర్నాడు మామూలుగానే రెండు వాయిలు వేశాం. మధ్యాహ్నం వాయి పొయ్యి మీదుండగా ఇద్దరం పని ఆపి చెవులు పెట్టి నిలబడ్డాం. వీధిలో ఎవరిదో మోటారు బండి పోయింది. కోడి ఒకటి కూసింది. పెరట్లో ఏ చప్పుడూ లేదు. అమ్మ వాయి దింపింది. చివరి వరుసలోంచి ఒక పుతో తీసింది. నోటి దాకా తెచ్చుకుని ఆగి, దాన్ని రెండుగా తుంచి, సగం నా నోట్లో పెట్టింది. వేడికి నాలుక చురుక్కుమంది.

“ఎలా ఉందే?” అంది.

నా మొహంలోకే చూస్తోంది. చప్పగా ఉందని చెబుదామా అనిపించింది. ఒక్క మాట, ఒక్క అబద్ధం, ఇంకో మధ్యాహ్నం మెట్టు వైపు చూస్తూ కూర్చోడానికి ఆవిడకు సరిపోతుంది. నోట్లో ముందు తీపి తగిలింది. దాని వెనకే సన్నటి పులుపు.

“తియ్యగా ఉందమ్మా,” అన్నాను.

అమ్మ చేతిలోని సగం ముక్క కింద పడింది. పొయ్యి ముందు కూలబడి, నా కాళ్ళు పట్టుకుని, కొడుకు పోయాడని మొదటిసారి ఏడ్చింది.